కీ చెరిపితే చాలదు, చెల్లకుండా చేయాలి

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ. కొత్తగా చేరిన కుర్రాడు కోడ్‌తో పాటు క్లౌడ్ యాక్సెస్ కీని కూడా గిట్‌హబ్‌లో పెట్టేశాడు. పావుగంటలో చూసి తీసేశాం. ఇక భయం లేదా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ఉంది. ఫైల్లోంచి తీసేసినా పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది. పబ్లిక్ రిపోజిటరీలను కీల కోసమే జల్లెడ పట్టే బాట్లకు పావుగంట చాలా ఎక్కువ. సర్వీసు కాసేపు ఆగినా సరే, ముందు క్లౌడ్ కన్సోల్‌లో ఆ కీని రద్దు చేయండి. తర్వాత లాగ్‌లు చూడండి: మీరు వాడని రీజియన్‌లో సర్వర్లు లేచాయా, కొత్త యూజర్లు పుట్టుకొచ్చారా? ప్రైవేట్ రిపోజిటరీ అయినా ధీమా వద్దు. 2016లో ఉబర్ ప్రైవేట్ రిపోజిటరీలో చొరబడ్డవాళ్లు, అక్కడ దొరికిన అమెజాన్ క్లౌడ్ కీతోనే 5.7 కోట్ల మంది వివరాలు పట్టుకుపోయారు. ఇకపై కీలను సీక్రెట్ మేనేజర్‌లో ఉంచండి. వీలైన చోట గంటలో గడువు తీరే టోకెన్లు వాడండి. కుర్రాణ్ణి తిట్టకండి, కమిట్‌కు ముందే కీని పట్టుకునే స్కానర్ పెట్టండి.

ప్రశ్న: మా సర్వర్లలో ఎవరు సృష్టించారో తెలియని సర్వీస్ అకౌంట్లు చాలా ఉన్నాయి. తీసేస్తే ఏ జాబ్ ఆగిపోతుందోనని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఏం చేయమంటారు?
– ఓ సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: మనిషి ఉద్యోగం మానేస్తే హెచ్‌ఆర్ ఐడీ కార్డు వెనక్కి తీసుకుంటుంది. స్క్రిప్టు పని మానేస్తే ఎవరికీ కబురు రాదు, దాని అకౌంట్ అలాగే ఉండిపోతుంది. 2023లో లాగిన్ సేవల సంస్థ ఆక్టాలో జరిగిన చొరబాటులో లీకైన తన లాగిన్ వివరాల్లో ఒక టోకెన్‌నూ, మూడు సర్వీస్ అకౌంట్లనూ ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ మార్చలేదు. వాడుకలో లేవనుకుంది. ఆ నవంబర్‌లో దొంగలు వాటితోనే లోపలికొచ్చారు.

చివరిసారి ఎప్పుడు వాడారో చూడండి. 90 రోజులుగా కదలని అకౌంట్‌ను తొలగించకుండా డిజేబుల్ చేయండి. మార్చి ముగింపు లెక్కల జాబ్‌లు ఏడాదికోసారే లేస్తాయి. మార్చి ముగింపు దాటాకే డిలీట్ చేయండి. నడుస్తున్న ప్రతిదానికీ ఒక యజమాని పేరు రాయండి. బ్యాకప్ అకౌంట్‌కు డొమైన్ అడ్మిన్ హక్కులుంటే తగ్గించండి. విండోస్‌లో జీఎంఎస్ఏకు (గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్) మారితే పాస్‌వర్డ్ 30 రోజులకోసారి దానంతటదే మారుతుంది.

ఎవరూ నాదనని అకౌంట్‌ను పట్టపగలు, అందరూ ఆఫీసులో ఉన్నప్పుడు డిజేబుల్ చేయండి. అవసరమైనదైతే యజమానే పరుగెత్తుకొస్తాడు.