మట్టి పూలు

భక్తి యను పదమునకు మూలమైన 'భజ్' ధాతువునకు సేవించుట యని అర్థము. భగవద్రామానుజులు ఇంకను లోనికి పోయి, తైలధారవలె ఎడతెగని ప్రీతిపూర్వక స్మరణమే భక్తి యని వివరించిరి. తీరిక లేని గృహస్థునకు అట్టి స్మరణ మెట్లు కుదురును?

వేంకటాచల మాహాత్మ్యములోని భీముడను కుమ్మరికి నిజముగనే తీరిక లేదు. చక్రము వదలినచో ఇల్లు గడవదు. ఆతడు శ్రీనివాసుని దారుమూర్తిని చెంత నుంచుకొని, కుండలు చేయుచునే, చేతి కంటిన మట్టితో పూలు చేసి సమర్పించెడివాడు. పని ఆగలేదు, స్మరణయు తెగలేదు.

తోండమాన్ చక్రవర్తి స్వామిని బంగారు పూలతో అర్చించుచుండెను. ఒకనాడు చూడగా శ్రీపాదములపై మట్టి పూలు! రాజు మనస్సు కలతపడెను. ఆయన భక్తిహీను డనుట అపచారము. అయితే తన పూవు లెచ్చట నున్నవని ఆయన వెదకెను. కుమ్మరికి తన పూలు ఎచ్చటికి చేరుచున్నవో తెలియనే తెలియదు. తెలిసికొనవలె ననియు తోచలేదు. స్వామి యానతి విని రాజు ఆ కుమ్మరి యింటికి తానే పోయెను. అదియు అల్పమైన భక్తి కాదు.

తిరుమల సన్నిధిలో బంగారు పాత్రలకు కొదువ లేదు. అయినను నేటికిని 'ఓడు' అను క్రొత్త మట్టిపాత్రలోని దధ్యోదనమే కులశేఖరాళ్వారు పేరిట నున్న కులశేఖరపడిని దాటి లోపలికి పోయి స్వామికి నివేదన మగుచున్నది. పెద్దలు దీనిని భీముని కథతో కలిపి చెప్పుదురు.