గోడ మీది బోర్డు చాలదు, బొమ్మ కావాలి

గుడియాత్తం అగ్గిపెట్టెల కార్ఖానాల్లో, వేలూరు చుట్టుపక్కల తోళ్ల ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్ల కోసం ఇది. ఈ వైపు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడుతూ, ఏ లిపీ సాఫీగా చదవలేని పనివాళ్లు ఉన్నారు. జాగ్రత్తల బోర్డు వాళ్లకు గోడ మీది రంగు మాత్రమే.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లు ప్రమాదాల్లోనూ చనిపోతుంటే అమెరికా నౌకాదళం బొమ్మలనే ఆశ్రయించింది. రాబర్ట్ ఆస్‌బోర్న్ అనే చిత్రకారుడు డిల్బర్ట్ అనే పైలట్‌ను పుట్టించి, చేయకూడనివన్నీ వాడిచేత చేయించాడు. నీళ్లలో మునిగిన విమానంలోంచి బయటపడడం నేర్పే యంత్రానికి కూడా చివరికి వాడి పేరే స్థిరపడింది. తర్వాత జాన్ హబ్లీ తీసిన 'ఫ్లాట్ హ్యాటింగ్' కార్టూన్, పదిమంది చూడాలని ఇళ్లకప్పుల మీదుగా విమానం నడిపేవాళ్ల గురించి. వాళ్లకు నియమం తెలియక కాదు, గొప్ప కోసం తప్పేవాళ్లు. మన దగ్గరా పాతకాపులతోనే ఈ చిక్కు.

మీరూ అలాంటిది తీయండి. ఫోన్‌లో చేతిబొమ్మలతో రెండు నిమిషాలది చాలు. ఒక సినిమాలో ఒక్క తప్పే ఉండాలి. అందులో మనిషి మీ షెడ్డులో ఎవరినీ పోలకూడదు. పోలితే మిగతావాళ్లు నవ్వుతారు, అతను నేర్చుకోడు.

కెమెరాకు అందనిదే గీయండి. అగ్గిపుల్ల తలకు అద్దే మందులో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్కన పూసే మందులో ఎర్ర భాస్వరం ఉంటాయి. రెండూ పొడిగా కలిస్తే చిన్న రాపిడికే పేలతాయి. ఒకే చీపురు రెండు గదులూ తిరిగితే ఏమవుతుందో తెల్ల, ఎర్ర చుక్కలతో చూపించండి.

తోళ్ల ఫ్యాక్టరీలో మురుగు గుంతదే పెద్ద గండం. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. పడిపోయినవాణ్ని కాపాడబోయి దిగినవాడూ అక్కడే కూలిపోతాడు. వాయువుకు ఒక రంగు ఇవ్వండి, అది నడుం దాకా, ముక్కు దాకా ఎలా లేస్తుందో గీయండి. దిగేముందు మీటరు పెట్టడం, గాలి తోలడం, నడుముకు తాడు, పైన కాపలా మనిషి కూడా అదే సినిమాలో కనపడాలి.

షిఫ్టు మొదట్లో అందరికీ చూపించి, ఒకరి చేతికి చీపురిచ్చి చేసి చూపమనండి. తడబడితే తిట్టకండి. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకుని, ఆ బొమ్మ మళ్లీ గీయండి.