గాలి తగ్గింది, గండం తగ్గలేదు

ప్రశ్న: మేము హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాం. 2024 జులైలో బెరిల్ తుఫాను వెళ్ళాక మా వీధికి ఆరు రోజులు కరెంటు లేదు. అప్పుడు అత్తగారు, మామగారు మా దగ్గరే ఉన్నారు. మామగారు ఇన్సులిన్ వాడతారు. ఆస్టిన్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళదామంటే, "తుఫాను పోయాక ఇల్లు వదలడమేంటమ్మా, మా ఊళ్ళో కరెంటు లేకుండా బతకలేదా" అని ఆయన కదల్లేదు. మావారు జనరేటర్‌ను గరాజ్‌లో పెట్టి, తలుపు తీసి నడిపారు. ఏమీ కాలేదు గానీ నాకు కంటి మీద కునుకు లేదు. ఈ వేసవికి వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. నాదంతా అనవసరపు కంగారేనా?
- ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: కాదమ్మా, మీ భయంలో న్యాయముంది. తుఫాను పోయింది కాబట్టి ప్రమాదమూ పోయిందని మీ ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. పొరపాటు అక్కడే ఉంది. 2017లో మరియా తుఫానుకు ప్యూర్టో రికోలో 64 మంది చనిపోయారని ప్రభుత్వం మొదట లెక్క చెప్పింది. ఆ తర్వాతి నెలల మరణాలను కూడా జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరిశీలిస్తే ఆ అంచనా 2,975కు చేరింది, ప్రభుత్వమూ ఒప్పుకుంది. నెలల తరబడి కరెంటు, మందులు, వైద్యం సరిగా అందకపోవడం వల్ల పోయిన ప్రాణాలు వాటిలో ఎన్నో. అదే ఏడాది ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని హాలీవుడ్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఏసీ ఆగిపోయింది. ఆ ఉక్కకు 12 మంది పెద్దవాళ్ళు బలయ్యారు. రోడ్డు దాటితే ఆస్పత్రి. అంత దగ్గరలో చల్లని చోటు ఉన్నా సకాలంలో తరలించకపోవడమే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి.

మామగారి మాటను కొట్టిపారేయకండి, ఆయన అనుభవం నిజమే. కానీ ఆ బతుకు ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, వీధి అరుగు, రాత్రి ఆరుబయట నులకమంచం ఉన్న ఇంట్లో గడిచింది. హ్యూస్టన్ ఇల్లు ఏసీని నమ్ముకుని కట్టినది. చెక్క గోడల మధ్య దూది లాంటి ఇన్సులేషన్ కూరి, గాలి చొరబడకుండా బిగిస్తారు. కరెంటు పోతే పగటి వేడి మేడ మీద గదుల్లో రాత్రంతా కదలకుండా ఉంటుంది. పైగా ఇప్పుడాయన వయసు వేరు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు చెమట పట్టడం, దాహం తెలియడం తగ్గవచ్చు. అలవాటున్న మన ఊళ్ళలోనే 2015 వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు కదా. ఇన్సులిన్ సంగతి కూడా చూడండి. ఫ్రిజ్ బయట అది 28 రోజుల దాకా పనిచేస్తుంది గానీ, గది వేడి 30 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. జులైలో ఆ ఇల్లు ఆ గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఐసు మీద నేరుగా పెడితే గడ్డకట్టి పాడవుతుంది.

జనరేటర్ విషయంలో మాత్రం నేను రాజీపడలేను. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం మొదలైతే ఉక్కపోత వల్లేననుకుని పడుకుంటారు, ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. 2020లో లారా తుఫాను తర్వాత లూసియానాలో పలువురు ఇలాగే చనిపోయారు. "తలుపు తీసే ఉంది కదా" అని మీవారు అనవచ్చు. తెరిచిన గరాజ్‌లోంచి కూడా ఆ వాయువు ఇంట్లోకి వస్తుంది. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి, పొగ గొట్టం ఇంటి వైపు తిరగకూడదు. బ్యాటరీతో పనిచేసే అలారం పడకగదుల దగ్గర పెట్టండి.

ఇల్లు వదిలితే దొంగలు పడతారని ఇంట్లో ఎవరైనా అంటే, అదీ కొట్టిపారేయాల్సిన భయం కాదు. అయితే ఇంటికి కాపలా కావాలంటే ఆరోగ్యంగా ఉన్న ఒక్కరు చాలు, డెబ్భై ఏళ్ళ మనిషి అక్కర్లేదు. ఫ్రిజ్‌లో సరుకుల కోసం ఆగడమూ దండగే. తలుపు తీయకపోతే ఫ్రిజ్‌లో 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు చల్లదనం నిలుస్తుంది. ఆ తర్వాత కూర, పప్పు పారేయాల్సిందే. పారేసే ముందు ఫొటోలు తీయండి, కొన్ని బీమా పాలసీలు ఆ నష్టం భరిస్తాయి.

అసలు అడ్డంకి కూతురింట్లో రోజుల తరబడి ఉండాలన్న మొహమాటమేమో అని నా అనుమానం. దాన్ని మీరు వాదించి గెలవలేరు. అందుకని ఆ పిలుపు మీ ఆడపడుచు నోట, తుఫాను రాకముందే రావాలి. జూన్ 1కి అక్కడ తుఫానుల కాలం మొదలవుతుంది. వాళ్ళు దిగిన వారంలోనే అందరూ కూర్చుని ఒక మాట అనుకోండి: పోయిన కరెంటు మర్నాటి ఉదయానికి తిరిగి రాకపోతే, రోడ్ల మీద నీళ్ళు లేవని తెలుసుకుని, పెద్దవాళ్ళు ఆస్టిన్ బయల్దేరతారు. తుఫాను హెచ్చరిక రాగానే కారులో పెట్రోలు నింపి ఉంచండి. దారి మూసుకుపోతే 211కు ఫోన్ చేసి దగ్గర్లో తెరిచిన కూలింగ్ సెంటర్ ఎక్కడుందో కనుక్కోండి, పగటి వేళైనా మామగారిని అక్కడ కూర్చోబెట్టండి.