మొక్కగా ఉన్నప్పుడే

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ‘ఎజైల్’ పద్ధతి మూలసూత్రాలను రూపొందించారు. పనినంతటిని ముగించి చివర ఒక్కసారిగా అప్పగించడం కంటె, ఉపయోగపడే చిన్న భాగాన్ని త్వరగా చూపి, వాడేవారి అభిప్రాయం మేరకు సవరించుకొనడమే దీని సారాంశం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత భావమూ ఇదే.

పుస్తకం చదివి ఈత నేర్వలేనట్లే, ఉపన్యాసాలతో ఈ పద్ధతి అలవడదు. అందువలననే హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలలో విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, నిజమైన అవసరం గలవారి కొరకు ప్రాజెక్టులు చేస్తారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల విద్యార్థులు ఐదుగురు, కేసముద్రం మార్కెట్టులోని మిర్చి ధరలను రైతులకు తెలిపే యాప్‌ను తలపెట్టారనుకొందాం. ఆరు నెలలు గదిలోనే శ్రమిస్తే అందమైన యాప్ సిద్ధమవుతుంది. కాని చదువురాని రైతుకు అది నిరుపయోగం. రెండు వారాలకే తొలి భాగాన్ని రైతు చేతికిస్తే, “ధర చదివి వినిపిస్తే మేలు కదా బిడ్డా!” అంటాడు. లోపం అప్పుడే తెలుస్తుంది, దిద్దడమూ సులభం.

బృందంలో మరొక చిక్కు కలదు. ఒకరు శ్రమిస్తే నలుగురు మార్కులు పంచుకొంటారు. అందుకే బృందం రోజూ 15 నిమిషాలు సమావేశమవుతుంది. నిన్న చేసినదేమి, నేడు చేయబోయేదేమి, అడ్డంకి ఏది అన్నది ప్రతి ఒక్కరు చెబుతారు. వెనుకబడినవారి ఇబ్బంది బయటపడుతుంది, తోటివారు ఆదుకొంటారు. అధ్యాపకులు సైతం తుది ఫలితాన్నే గాక, ప్రతి దశలోని దిద్దుబాటునూ గుర్తించి మార్కులు వేయాలి. అప్పుడే విద్యార్థి తప్పును దాచక, దానినుండి నేర్చుకొంటాడు.