కరిగేటప్పుడు ఏం మారుతుంది?

మీ సహాయంతో నడుస్తున్న సాయంకాలం తరగతుల్లో ఈ ఏడాది ద్రవీభవనం పాఠాన్ని ప్రయోగం చేసి చెప్పాము. దాన్నే క్లుప్తంగా ఇక్కడ ఇస్తున్నాము.

గాజు బీకరులో మంచు ముక్కలు వేసి, థర్మామీటరు ఉంచి, సన్నని మంట మీద కలియబెడుతూ వేడి చేశాము. వేడి చేస్తే ఉష్ణోగ్రత పెరుగుతుందని పిల్లలు ముందే నోటు పుస్తకాల్లో రాసేసుకున్నారు. కానీ మంచు కరుగుతున్నంతసేపూ థర్మామీటరు ఇంచుమించు 0 డిగ్రీల దగ్గరే ఆగింది. "చెడిపోయింది సార్" అన్నారు. చివరి ముక్క కరిగాకే అది పైకి కదిలింది.

మరి ఆ వేడంతా ఏమైంది? అణువుల మధ్య పట్టును సడలించడానికి ఖర్చయింది. 0 డిగ్రీల మంచు ఒక గ్రాము అదే ఉష్ణోగ్రతలో నీరు కావడానికి సుమారు 80 కెలోరీల వేడి కావాలి. దీన్నే ద్రవీభవన గుప్తోష్ణం అంటాము.

పట్టు సడలితే గట్టిదనం పోతుంది. పాత్ర ఆకారమే పదార్థం ఆకారమవుతుంది. ఘనపరిమాణమూ మారుతుంది. మైనం, తగరం వంటివి కరిగితే వ్యాకోచిస్తాయి. మంచు మాత్రం సంకోచిస్తుంది. 100 ఘనపు సెంటీమీటర్ల మంచు కరిగితే సుమారు 92 ఘనపు సెంటీమీటర్ల నీరే వస్తుంది. మంచు నీటిపై తేలేది అందుకే. ద్రవ్యరాశి మారదు, పదార్థమూ మారదు. చల్లబరిస్తే మళ్లీ గట్టిపడుతుంది.

అప్పుడు ఎన్నడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచాడు. వాళ్ల నాన్న రాగి డేగిసాలకు కళాయి పూస్తారు. "తగరం కరుగుతుంది కదా, డేగిసా ఎందుకు కరగదు సార్?" అని అడిగాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. అందుకే డేగిసా చెక్కుచెదరదు. కరిగిన తగరం దాని లోపలి గోడల మీద పలచగా పరుచుకుని, చల్లారి తెల్లని పూతగా నిలుస్తుంది. నవాసారం ఎందుకు చల్లుతారో ఆ అబ్బాయే చెప్పాడు: రాగి మీది మకిలి పోతేనే తగరం అంటుకుంటుందట. తగరంలో సీసం కలిస్తే అది వంటలోకి చేరి హాని చేస్తుందని, శుద్ధమైన తగరమే వాడాలని మేము చెప్పాము.

ఈ ఏడు బడి మానేసి నాన్నతో పనికి వెళ్తానన్న ఆ అబ్బాయి ఇంకా తరగతికి వస్తున్నాడు. ఆ బీకరు, థర్మామీటరు మీరిచ్చినవే. వచ్చే ఏడాదికి మరో నాలుగు జతలు కావాలి. ఒక్క థర్మామీటరు చుట్టూ ముప్పై మంది మూగితే వెనుక ఉన్నవాళ్లకు కనిపించదు.