ఘాట్ రోడ్డులో టైరు పంక్చరైతే: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఈమధ్యే జర్మన్ హాట్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. టైర్లు 225/40 ఆర్18. డిక్కీలో స్టెప్నీ లేదు. చిన్న కంప్రెసరు, సీలెంట్ సీసా పెట్టి ఇచ్చారు. సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్దామని ఇంట్లో ఒకటే గొడవ. అనంతగిరి ఘాట్‌లో పంక్చరైతే ఏం చేయాలి?
- విశాఖపట్నం నుంచి ఓ పాఠకుడు

జవాబు: స్టెప్నీ ఇవ్వలేదని షోరూమ్ వాళ్లతో పేచీ పెట్టుకోకండి. 2020 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే కారులో స్టెప్నీ ఉండి తీరాలన్న నియమం లేదు. ఆ సవరణ రాసినవాళ్లు అనంతగిరి మలుపులు ఎక్కి ఉండరని నా అనుమానం.

మీ టైరులో 225 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 40 అంటే ఆ వెడల్పులో 40 శాతం ఎత్తు ఉన్న సైడ్‌వాల్. అంటే రోడ్డుకీ రిమ్ముకీ మధ్య 90 మిల్లీమీటర్ల రబ్బరే ఉంది. గాలి దిగాక దాని మీద ఓ కిలోమీటరు నడిపితే సైడ్‌వాల్ లోపల నలిగి పొడిపొడిగా రాలుతుంది. మేకు గుచ్చుకున్న టైరును బాగుచేయొచ్చు, అలా నలిగిన టైరును ఎవరూ బాగుచేయలేరు. అందుకని మీటరు మీద గుర్తు వెలగగానే ఆగే చోటు వెతకండి. అయితే మలుపులో మాత్రం ఆపొద్దు. పొగమంచులో వెనక వచ్చే బస్సు డ్రైవరుకు మీ కారు ఆఖరి క్షణంలో గానీ కనబడదు. మలుపు దాటి కాస్త తిన్నగా ఉన్న చోటు దాకా మెల్లగా పోనివ్వండి. ఆ నాలుగడుగుల్లో టైరు పోతే పోనీ. పిల్లల్ని దింపి కొండవైపు, కారుకు దూరంగా నిలబెట్టండి. లోయ అందంగా ఉందని అటు పంపకండి.

ఇక టైరు చూడండి. మేకు గానీ స్క్రూ గానీ ట్రెడ్‌లో, అంటే రోడ్డుకు ఆనే భాగంలో దిగి ఉంటే దాన్ని పీకొద్దు. అది ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది. ముందు కంప్రెసరుతో గాలి ఎక్కించి చూడండి. నిలబడితే మధ్యమధ్యలో గాలి చూసుకుంటూ అరకుకో కిందకో, ఏది దగ్గరైతే అటు పొండి. నిలబడకపోతే స్ట్రిప్ పంక్చర్ వేయాలి. ఆ స్ట్రిప్పు, సూది, రేతి ఉన్న కిట్ ఒకటి కొని డిక్కీలో పడేసుకోండి, వేయడం ఇంటి దగ్గరే ఎవరితోనైనా నేర్చుకోండి. సీలెంట్ నా లెక్కలో ఆఖరి అస్త్రం. అది లోపలంతా జిగురు చేస్తుంది, తర్వాత టైరు విప్పేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. పైగా సీసాకు గడువు తేదీ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారైతే అది ఎప్పుడో దాటిపోయి ఉండొచ్చు.

సైడ్‌వాల్ చీలితే సీలెంటూ పనిచేయదు, స్ట్రిప్పూ పనిచేయదు. ఫ్లాట్‌బెడ్ బండి రావాల్సిందే. తాడు కట్టి ఏ జీపుతోనో లాగించకండి, ముఖ్యంగా నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి వెళ్లే కారైతే గేర్‌బాక్సు పోతుంది. ఘాట్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, బీమా కంపెనీ రోడ్‌సైడ్ నంబరు కాగితం మీద రాసుకుని ఉంచుకోండి. దారినపోయే బైకు అతన్ని బతిమాలుకుంటే సిగ్నల్ ఉన్న చోట ఫోన్ చేసి పెడతాడు. అన్నిటికంటే మంచి మార్గం, మీ కారుకు సరిపోయే సన్న స్టెప్నీ, జాకీ విడిగా కొనుక్కోవడం. డిక్కీ నిండితే ఒక సూట్‌కేసు తగ్గించండి.

ప్రశ్న: మాది రన్‌ఫ్లాట్ టైర్లున్న కారు. గాలి పూర్తిగా పోయినా నడుస్తుంది కదా, అరకులో పంక్చరైతే నేరుగా విశాఖ వచ్చేయొచ్చా?
- విజయనగరం

జవాబు: రాలేరు. రన్‌ఫ్లాట్‌కు మామూలుగా చెప్పే లెక్క గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దూరం. అరకు నుంచి విశాఖ దాదాపు 115. పైగా నిండు కారుతో ఘాట్ దిగుతున్నప్పుడు బరువు ముందు చక్రాల మీద పడుతుంది, టైరు మరింత వేడెక్కుతుంది. ఎస్.కోట దాకా నింపాదిగా దిగి అక్కడ ఆగండి.

ప్రశ్న: లంబసింగిలో రాత్రి బస చేశాం. పొద్దున్నే కారు తీస్తే టైరు గుర్తు వెలిగింది. చూస్తే ఎక్కడా మేకు లేదు. సెన్సరు చెడిపోయిందా?
- రాజమహేంద్రవరం

జవాబు: చలి పని అది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే టైరులో ఒకటిన్నర నుంచి 2 పీఎస్ఐ దాకా తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో మీ ఊళ్లో గాలి కొట్టించుకుని, డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో చూసుకుంటే గుర్తు వెలగదా మరి! నాలుగు టైర్లలో సమానంగా తగ్గితే భయం లేదు, డ్రైవరు తలుపు దగ్గర అతికించిన స్టిక్కరు చూసి ఆ అంకెకు నింపండి. ఒక్కదాంట్లోనే తగ్గితే అది పంక్చరే. సబ్బు నీళ్లు పోసి చూడండి, బుడగలు ఎక్కడో చెబుతాయి.

ప్రశ్న: మాది డుంబ్రిగుడ దగ్గర పంక్చర్ షాపు. బైకులు, ఆటోలు, జీపులే ఎక్కువ. ఈమధ్య టూరిస్టులు కిందకి ఉండే ఖరీదైన కార్లు తెస్తున్నారు. చెయ్యి పెట్టాలంటే భయంగా ఉంది సార్. రిమ్ము గీసుకుపోతే మామీద పడతారు.

జవాబు: తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. ఆ టైరును లివర్లతో విప్పొద్దు. సైడ్‌వాల్ పొట్టిగా, బిర్రుగా ఉంటుంది; లివరు జారితే రిమ్ము గీసుకుంటుంది, టైరు అంచు తెగుతుంది. వాల్వు లోపలి కొసన సెన్సరు ఉంటే అదీ విరుగుతుంది. టైరును రిమ్ము మీంచి విప్పకుండానే బయటి నుంచి స్ట్రిప్పు వేసి, ఇది కిందకి దిగడానికే అని కస్టమరుకు స్పష్టంగా చెప్పు. ఎస్.కోటలోనో విశాఖలోనో మెషీన్ ఉన్న చోట టైరు విప్పి, లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించుకోవాలి. రంధ్రం 6 మిల్లీమీటర్లు దాటినా, ట్రెడ్ అంచున ఉన్నా ఆ ప్యాచూ పనికిరాదు.

జాకీ పెట్టేముందు పళ్లెం మీద రబ్బరు ముక్క వేసుకో. తలుపుల కింద అంచున జాకీ కోసం గుర్తులుంటాయి, వాటి కిందే ఎత్తు. ప్లాస్టిక్ మీద పెడితే పగులుతుంది. జర్మన్ కార్లకు చాలావాటికి నట్లుండవు, బోల్టులే. చక్రానికి ఒక బోల్టు లాక్ బోల్టు ఉంటుంది, దాని కీ ఎక్కడుందో ముందే అడుగు. కీ లేకుండా సుత్తితో మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. తిరిగి బిగించేటప్పుడు బోల్టుల్ని మొదట చేత్తో తిప్పు, తర్వాత ఎదురెదురుగా ఉన్నవి బిగించు. టైరు మీద బాణం గుర్తుంటే చక్రం అటే తిరగాలి.

కారు వెళ్లిపోయాక చక్రానికి అడ్డంపెట్టిన రాళ్లు రోడ్డు మీంచి తీసెయ్. చీకటి పడ్డాక వాటి మీద పడేది మీ ఊరి బైకులే.

ప్రశ్న: గుంటలో పడి ముందు టైరు పక్కన బొబ్బలా ఉబ్బింది. గాలి తగ్గలేదు. అలాగే నడపొచ్చా? మార్చాలంటే ఒక్కటి చాలా? బీమా వస్తుందా?
- పాడేరు

జవాబు: నడపొద్దు. లోపలి దారాలు తెగాయి కాబట్టే ఆ బొబ్బ. ఘాట్ దిగేటప్పుడు పేలితే స్టీరింగు మీ మాట వినదు. కొత్త టైరు అదే కొలత, అదే మోడల్ తీసుకోండి. పక్క టైరు సగం పైన అరిగి ఉంటే ఆ జతనే మార్చండి. నాలుగు చక్రాల డ్రైవ్ అయితే అరుగుదలలో తేడా గేర్లకు చేటు, నాలుగూ కొలిపించి నిర్ణయించుకోండి. సైడ్‌వాల్ మీదున్న నాలుగంకెల తేదీ చూసి కొనండి: 2325 అంటే 2025లో 23వ వారం తయారీ.

బీమా సంగతి: మామూలు సమగ్ర పాలసీలో టైరు ఒక్కటే పోతే పైసా రాదు. అదే ప్రమాదంలో కారు కూడా దెబ్బతింటేనే, అదీ కొత్త టైరు ధరలో 50 శాతం వరకే ఇస్తారు. టైర్ ప్రొటెక్ట్ పేరుతో విడిగా అమ్మే కవరు తీసుకుంటే వేరే మాట. మీలా పాడేరు ఘాట్‌లో కారు తిప్పేవాళ్లు దానికి డబ్బు పెట్టడం దండగ కాదు.