పన్ను రేటు కాదు, పన్ను తగిలే చోటు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బియ్యం వర్తకులకు ఒక పరిశీలన

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మిల్లులకు చేరి, అక్కడి నుంచి బియ్యంగా, నూకగా, తవుడుగా బయలుదేరుతుంది. ఈ సరకులపై 2022 నుంచి 2025 వరకు జి.ఎస్.టి.లోను, ఎగుమతి సుంకాలలోను మార్పులు వెంటవెంటనే వచ్చాయి. రేట్లు వర్తకులకు కంఠస్థమే. అయిదు శాతం, ఇరవై శాతం అని అడగగానే చెబుతారు. నష్టం వస్తున్నది రేటు తెలియక కాదు. ఆ రేటు సరకుకు ఏ దశలో, ఏ కాగితం మీద, ఏ తేదీన తగులుతున్నదో ముందుగా చూసుకోకపోవడం వల్ల వస్తున్నది. బస్తాకు రూపాయలలో లెక్కించుకునే లాభం మీద నడిచే ఈ వ్యాపారంలో అటువంటి పొరపాటు ఒక్కటి ఒక సీజను కష్టాన్ని తినివేయగలదు.

సంచి బరువు

2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చినప్పుడు బియ్యంపై పన్ను బ్రాండును బట్టి ఉండేది. రిజిస్టరు చేసిన బ్రాండు పేరుతో సంచిలో అమ్మితే 5 శాతం, లేకుంటే లేదు. 2022 జూన్ 28, 29 తేదీలలో చండీగఢ్‌లో జరిగిన కౌన్సిల్ సమావేశం ఈ పద్ధతిని మార్చింది. అదే సంవత్సరం జూలై 18 నుంచి బ్రాండుతో నిమిత్తం లేకుండా, ముందుగా ప్యాక్ చేసి లేబిల్ వేసిన బియ్యంపై 5 శాతం పడింది. 25 కిలోలకు మించిన సంచికి ఇది వర్తించదని ప్రభుత్వం వివరణ ఇచ్చింది. 26 కిలోల సంచి మార్కెట్లో కనిపించడానికి కారణం ఇదే.

అయితే ఈ నిర్వచనం తూనికలు కొలతల చట్టంపై ఆధారపడి ఉండటంతో కొన్ని సందేహాలు మిగిలాయి. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో కౌన్సిల్ చేసిన సిఫారసు మేరకు 2025 జనవరిలో నిర్వచనాన్ని సవరించారు. చిల్లర అమ్మకానికి ఉద్దేశించి, 25 కిలోలకు మించని సంచి అన్న మాట నిర్వచనంలోనే చేరింది. 2025 సెప్టెంబరు 22న జి.ఎస్.టి. రేట్లు పెద్ద ఎత్తున మారాయి. ఆ రోజున సిమెంటుపై పన్ను 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టరుపై 12 నుంచి 5 శాతానికి దిగింది. ప్యాక్ చేసిన బియ్యం మాత్రం 5 శాతంలోనే నిలిచింది.

లెక్క చూద్దాం. బియ్యం కిలో 50 రూపాయలు అనుకుంటే 20 టన్నుల లారీ విలువ 10 లక్షలు. 25 కిలోల సంచులైతే పన్ను 50 వేలు. బేరం కుదిర్చేటప్పుడు ‘అన్నీ కలిపి పది లక్షలు’ అని బ్రోకరు నోటిమాటగా అంటే, అందులోనుంచే పన్ను తీయవలసి వస్తుంది. అప్పుడు పన్ను 47,619 రూపాయలు. మిల్లరు చేతికి మిగిలేది 9,52,381 రూపాయలు. ఒక్క మాట తేడాకు ఒక్క లారీపై ఇంత తేడా.

ఇందులో మరొక వైపు కూడా ఉన్నది. పన్ను లేని సంచి అమ్మితే, ఖాళీ సంచులపైనా యంత్ర భాగాలపైనా కట్టిన పన్నుకు క్రెడిట్ దక్కదు. రెండు రకాలూ అమ్మే మిల్లు ఉమ్మడి ఖర్చులపై తీసుకున్న క్రెడిట్‌ను దామాషా ప్రకారం వెనక్కి ఇవ్వాలి. కనుక 26 కిలోల సంచికి పన్ను లేదు గనుక అంతా లాభమే అనుకోవడం సరికాదు. వదులుకున్న క్రెడిట్‌ను ధరలో వేసుకున్న తరువాతే అసలు లెక్క తేలుతుంది. అలాగే అయిదేసి కిలోల ప్యాకెట్లు పదింటిని ఒక పెద్ద సంచిలో కుట్టినంత మాత్రాన పన్ను తప్పదు. చిల్లరగా అమ్ముడయ్యే ప్యాకెట్‌నే చట్టం చూస్తుంది. పెద్ద బస్తా విప్పి కిరాణా కొట్టులో తూచి అమ్మితే పన్ను లేదు.

ఆడింపు కూలి

ధాన్యానికి పన్ను లేదు. అయినా ఇతరుల ధాన్యాన్ని ఆడించి ఇచ్చినందుకు తీసుకునే కూలి సేవ కింద లెక్క. దీనిపై 5 శాతం పన్ను ఉన్నదని, అది కూలిపైనే గాని బియ్యం మొత్తం విలువపై కాదని 2017 నవంబరు 20 నాటి సర్క్యులర్ స్పష్టం చేసింది. రేషను పంపిణీ కోసం ప్రభుత్వానికి చేసే ఆడింపులో, కలిపిన సరకుల విలువ మొత్తంలో 25 శాతానికి మించకపోతే మినహాయింపు వర్తిస్తుందని 2021 జూన్ 17 నాటి సర్క్యులర్ తెలిపింది. అయితే ప్రభుత్వ సంస్థలకు చేసే ఇటువంటి సేవల మినహాయింపును 2022 జనవరి 1 నుంచి తొలగించారు. అందువల్ల కస్టమ్ మిల్లింగ్ చేసే మిల్లరు మొదట చూడవలసింది ఒప్పందం మీద పని అప్పగించిన వారి పేరు. అక్కడ ఉన్నది ప్రభుత్వ శాఖా, కార్పొరేషనా అన్న దానినిబట్టి పన్ను తేలుతుంది.

రేషను బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున కలిపే పోషక బియ్యపు గింజలపై పన్ను 2025 జనవరిలో 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు ముందు కొన్న సరకుకు పాత రేటు బిల్లులే ఉంటాయి గనుక, నిల్వ పుస్తకంలో ఆ రెండింటినీ విడిగా చూపడం మంచిది.

ఓడరేవులో తేదీ

ఈ ప్రాంతపు ఎగుమతి సరకుకు ప్రధాన ద్వారం కాకినాడ. అక్కడ లారీ మిల్లు వదిలిన తేదీ లెక్కలోకి రాదు. ఒప్పందం రాసుకున్న తేదీ కూడా రాదు. కస్టమ్స్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, సరకును ఓడకు ఎక్కించడానికి అధికారి ఉత్తర్వు ఇచ్చిన రోజున ఏ రేటు ఉంటే అదే సుంకం. దీనినే వర్తకులు ‘లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డరు’ అంటారు.

గడచిన సంవత్సరాలను వరుసగా పెడితే దీని బరువు తెలుస్తుంది. 2022 సెప్టెంబరు 9 నుంచి నూక ఎగుమతి నిషేధం. అదే రోజు నుంచి బాసుమతి, ఉప్పుడు బియ్యం తప్ప మిగతా బియ్యంపై 20 శాతం సుంకం. 2023 జూలై 20న బాసుమతి కాని తెల్ల బియ్యం ఎగుమతిపై నిషేధం. ఆగస్టు 25 నుంచి ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం. 2024 సెప్టెంబరు 27 నాటి నోటిఫికేషన్‌తో ఉప్పుడు బియ్యంపై సుంకం 10 శాతానికి దిగింది, తెల్ల బియ్యంపై సుంకం పోయింది. మరునాడు తెల్ల బియ్యంపై నిషేధం ఎత్తివేసి, టన్నుకు 490 డాలర్ల కనీస ధర పెట్టారు. అక్టోబరు 22న ఉప్పుడు బియ్యంపై మిగిలిన 10 శాతమూ పోయింది. 23న కనీస ధర నిబంధన పోయింది. 2025 మార్చి 7న నూకపై నిషేధం తొలగింది.

ఉప్పుడు బియ్యం ఓడ ధర టన్ను 40 వేల రూపాయలు అనుకుంటే, వెయ్యి టన్నులపై 20 శాతం సుంకం 80 లక్షలు, 10 శాతం అయితే 40 లక్షలు. 2024 సెప్టెంబరు మూడో వారంలో ఉత్తర్వు పొందిన సరకు 80 లక్షలు కట్టింది. అక్టోబరు మొదట్లో పొందినది 40 లక్షలు కట్టింది. అదే నెలాఖరున పొందినది ఏమీ కట్టలేదు. 2023 ఆగస్టులో ఇదంతా తలకిందులుగా జరిగింది. 24న లారీ రేవు చేరినా, 25 దాటాక ఉత్తర్వు వచ్చిన సరకుపై 20 శాతం పడింది. అప్పటికే కస్టమ్స్ రేవులో ఉండి, ఆగస్టు 25కు ముందే చెల్లుబాటయ్యే లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరిచి ఉన్న సరకుకు మాత్రమే మినహాయింపు దక్కింది. బ్యాంకు కాగితం ఆ రోజున సరకుతో సమానంగా విలువ చేసింది.

నిషేధాలు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి వస్తాయి. సుంకాలు ఆర్థిక మంత్రిత్వశాఖ నుంచి వస్తాయి. ఒకచోట తలుపు తెరిచారని రెండో చోట చూడకుండా బేరం ఒప్పుకోరాదు. 2025 సెప్టెంబరు 24 నుంచి బాసుమతి కాని బియ్యం ఎగుమతి ఒప్పందాలను అపేడా వద్ద నమోదు చేయాలన్న షరతు కూడా వచ్చింది.

కొనే దేశం నిబంధనలూ ఇంతే ముఖ్యం. 2025 మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం తరఫున 12,500 టన్నుల ఎం.టి.యు. 1010 బియ్యం కాకినాడ నుంచి ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. అదే ఫిలిప్పీన్స్ సెప్టెంబరు 1 నుంచి బియ్యం దిగుమతులను తాత్కాలికంగా ఆపింది. ఇక్కడ సుంకం సున్నా అయినా అక్కడ రేవు మూసి ఉంటే సరకు గోదాములోనే ఉంటుంది.

కోదాడ దాటితే

జి.ఎస్.టి.తో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయినా, రాష్ట్ర సరిహద్దు లెక్కలలో నిలిచే ఉన్నది. 2019 ఏప్రిల్ 1 నుంచి సరకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితిని ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు పెంచింది. తెలంగాణ 20 లక్షలే ఉంచుకున్నది. అందువల్ల జగ్గయ్యపేట చిన్న వర్తకుడికి వర్తించిన వెసులుబాటు కోదాడ వర్తకుడికి రాలేదు. పన్ను పడే సరకును సరిహద్దు దాటించి అమ్మే వర్తకుడు పరిమితితో నిమిత్తం లేకుండా రిజిస్టరు కావాలి. 50 వేల రూపాయలకు మించిన 25 కిలోల సంచుల లోడుకు ఈ-వే బిల్లు తప్పనిసరి. పన్ను లేని బియ్యానికి అది అవసరం లేదు. అయినా లారీలో బిల్ ఆఫ్ సప్లయి ఉండాలి, అందులో సంచి బరువు స్పష్టంగా రాయాలి. దారిలో తనిఖీ జరిగితే డ్రైవరు చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.

బేరం చీటీలో ఉండవలసినవి

బ్రోకరు రాసే చీటీలో సాధారణంగా రకం, ధర, బస్తాల సంఖ్య, గడువు ఉంటాయి. వీటికి మరి నాలుగు చేర్చడం ఇరుపక్షాలకూ క్షేమం. మొదటిది సంచి నికర బరువు. రెండవది ధరలో పన్ను కలిసి ఉన్నదా, అదనమా అన్న మాట. మూడవది ఎగుమతి సరకైతే, ఒప్పందం తరువాత సుంకం పెరిగినా తగ్గినా ఆ తేడా ఎవరిదన్న షరతు. నాలుగవది నిషేధం వస్తే అడ్వాన్సు, రేవు గోదాము అద్దె ఎవరు భరించాలన్నది. 2023 ఆగస్టులో సుంకం హఠాత్తుగా పడింది, 2024 అక్టోబరులో అంతే హఠాత్తుగా పోయింది. మూడవ షరతు రాసుకున్న చీటీ ఉంటే ఆ రెండు సందర్భాలలోనూ మిల్లరూ ఎగుమతిదారూ తగవు పడవలసిన పని ఉండదు.